రేవుకు ఎదురెళ్ళిన రంగమప్ప

మా మనవరాలికి కెనడాలో శాశ్వతంగా ఉండడానికి అనుమతి వచ్చింది. పోయిన నెలంతా మా విజయనగరం ఇంట్లో అదే హడావిడి. అక్కడ విమానం దిగగానే అధికారి ఏమడుగుతాడు, ఏ కాగితం చేతిలో ఉంచుకోవాలి, ఏది పెట్టెలో పెట్టాలి అని మొగుడూ పెళ్ళాం ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని నాటకం ఆడేవారు. అతను అధికారి, ఇది కొత్తగా వచ్చిన మనిషి. "ఎన్నాళ్ళుంటారు?" అని అతను గొంతు బరువు చేసి అడిగేవాడు. "ఎప్పటికీ," అని చెప్పబోయి ఇది ఫక్కున నవ్వేసేది.

ఒకరోజు వాళ్ళను చూస్తుంటే నాకూ నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావని మనవరాలు అడిగింది. మీలాగే నేనూ ఒకప్పుడు అరుగుమీద కూర్చుని అధికారి వేషం కట్టానని, నా ఎదుట నిలబడి జవాబులు వల్లెవేసిన మనిషి పోయి చాలా ఏళ్ళయిందని చెప్పాను. "ఎవరామె? పేరేమిటి?" అంది. చెబుదామని నోరు తెరిచాక తెలిసింది, ఆమె పేరు నేనెప్పుడూ వినలేదు. ఊరంతా ఆమెను రంగమప్ప అనేవారు.

రంగమంటే రంగూను. మావైపు అక్కను అప్ప అంటారు. బర్మాలో మనవాళ్ళ కొట్లూ మిల్లులూ అక్కడి ప్రభుత్వం తీసేసుకుందని, ఓడలకు ఓడలు జనం విశాఖపట్నం రేవులో దిగుతున్నారని అందరూ చెప్పుకునే రోజులవి. అరవయ్యో దశకం సగం దాటింది. నేను బొబ్బిలి దగ్గర ఒక పల్లెకు కొత్తకోడలిగా వెళ్ళాను. మా పక్క ఇంటి వెనక భాగంలో ఉండేది ఆమె. ఆమె తాత ఆ ఊరినుంచే కూలికోసం రంగం పోయాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ, పెళ్ళాడిందీ, మొగుణ్ణి పోగొట్టుకున్నదీ అక్కడే. పిల్లల్లేరు. ముసలి తండ్రిని వెంటబెట్టుకుని ఓడెక్కి, ఎన్నడూ చూడని సొంత ఊరికి వచ్చింది. ఊరి మట్టిలో కలవడానికే వచ్చినట్టు ఆ తండ్రి తొలి వానల్లోనే పోయాడు. ఇంటి ముందుభాగంలో ఆమె పెదనాన్న కుటుంబం, వెనక గదిలో ఆమె ఒక్కతే మిగిలారు.

మా ఆయనకు వరసకు అప్ప అవుతుంది కాబట్టి నాకు వదిన. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. పొలంలో దిగితే తాటాకు గొడుగులాంటి వెదురు టోపీ ఒకటి పెట్టుకునేది. అది బర్మాది. మొదట్లో దాన్ని చూసి గట్లమీద జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆమె మాత్రం టోపీ దించలేదు. ఎండ మీ నెత్తిమీదా ఉంది, నా నెత్తిమీదా ఉంది, నాకు నీడ గూడ ఉంది అనేది. ఎవరికి ఏ వస్తువు అందించినా కుడిచేత్తో ఇస్తూ ఎడంచేత్తో ఆ మోచేతిని పట్టుకునేది. అక్కడ అది మర్యాదట. "సేతికి బెణికిందేటే?" అని మావాళ్ళు అడిగేవారు. పెద్దవాళ్ళు కూర్చున్నచోట నడిచి వెళ్ళాల్సివస్తే నడుం వంచి, తల దించి, గబగబా దాటేది. రోడ్డుమీద కూలివాళ్ళు కూర్చున్నా అంతే.

మా ఊళ్ళో ఆడవాళ్ళు చుట్ట వెలిగించి నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు. ఈమె నిప్పు బయటికి ఉంచి కాల్చేది.

"మగోల్లలాగ ఆ కాల్సడమేటే?" అని మా అత్తగారు వెక్కిరించేది.

"నిప్పు మింగుతన్నది నువ్వు. నన్నంటావేటి పిన్నీ?" అనేది ఆమె.

ఇద్దరూ పొగ వదులుతూ ఒకరినొకరు చూసి నవ్వుకునేవారు. అయితే మా అత్తగారికి ఆమె మాటంటే ప్రాణం. బస్సులూ బడులూ వచ్చాక మా ఊళ్ళో మాట కొంచెం కొంచెంగా పట్నం మాటయింది. తాతలు ఓడెక్కించుకుపోయిన మాట మాత్రం రంగంలో చెక్కు చెదరకుండా ఉండిపోయింది. ఆమె మాట్లాడుతుంటే చచ్చిపోయిన మా అమ్మ పెరట్లోంచి పిలిచినట్టుంటాది అనేది మా అత్తగారు.

ఒక్క విషయంలో నాకామె నచ్చేది కాదు. ఎవరైనా మాట తూలితే మర్చిపోయేది కాదు. తండ్రి శవం లేవకముందే వాటాల మాటెత్తిన ఒక ముసలావిడతో ఆమె చచ్చేవరకు మాట్లాడలేదు. ఎదురుపడితే నడుం వంచి దాటేది, నోరు మాత్రం విప్పేది కాదు.

నాట్ల రోజుల్లో ఒక మధ్యాహ్నం, పొందూరు వైపునుంచి కొత్తగా ఓడ దిగిన కుటుంబంలో ఒకాయన ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. రంగంలో ఆమె తమ్ముడొకడు ఉండిపోయాడు. అక్కడి పిల్లనే చేసుకున్నాడు. ఆ పిల్ల తన దేశం వదలలేనంటే అతనూ ఓడెక్కలేదు. ఆ తమ్ముడు జ్వరంతో పోయాడని ఆయన కబురు తెచ్చాడు. వదిన అప్పుడు మడిలో ఉంది. విన్నది. చేతిలో ఉన్న నారు అయిపోయేదాకా వంగి నాటుతూనే ఉంది. తర్వాత గట్టెక్కి, టోపీ తీసి పక్కన పెట్టి, అప్పుడు కూలబడి ఏడ్చింది. ఆ నారేమిటి వదినా అని తర్వాత అడిగితే, "సేతిలో ఒగ్గేస్తే ఎండిపోతాది గదే," అంది.

కబురు అంతటితో అయిపోలేదు. తమ్ముడి భార్యకూ చిన్నపిల్లకూ అక్కడ దిక్కులేదు. కళావాణ్ణి చేసుకుందని ఆమె పుట్టింటివాళ్ళు ఎప్పుడో తలుపు మూశారు. మనవాళ్ళను అక్కడ కళా అంటారట, తిట్టులాగ. ఆమె కాగితాలు సంపాదించుకుంది. పంటకోతల వేళకు వచ్చే ఓడలో రావచ్చు. ఇక ఇక్కడే ఉండిపోతుంది. రేవులో బంధువులెవరైనా వచ్చి మా మనిషని చెబితే వాళ్ళ ఊరికి పంపుతారు. ఎవరూ రాకపోతే శిబిరానికి తోలతారు. శిబిరం ఎక్కడో, ఎన్నాళ్ళో ఎవరికీ తెలియదు.

ఆ మర్నాటినుంచి వదిన ఆయత్తం మొదలుపెట్టింది. ముందు తన ఒక్క గదిని తాటాకు దడితో రెండు చేసింది. కిటికీ ఉన్న సగం వాళ్ళకు వదిలి, చీకటి సగంలోకి తన సామాను జరుపుకుంది.

"చుట్టాలే కదా వదినా, అందరూ ఒక్కచోట పడుకుంటే సరిపోదా?" అన్నాను.

"సుట్టపుసూపుకొచ్చినోల్లకి సాప సాలు. ఉండిపోడానికొచ్చినోల్లకి ఒక మూల కావాల. ఏడవాలంటే ఎక్కడేడుస్తాది?" అంది.

ఆ మూలలో గోడకు బాగా ఎత్తున ఒక గూడు తవ్వించి సున్నం కొట్టింది. వాళ్ళ దేవుడి బొమ్మ మనుషుల తలలకన్నా పైనుండాలట. ఆ దేవుణ్ణి రంగంలో కస్టమ్సువాళ్ళు వదులుతారో లేదో ఆమెకే తెలియదు. వదిలితే పెట్టుకోవడానికి చోటుండాలిగా అంది.

ఇల్లు సిద్ధమయ్యాక పెదనాన్న దగ్గరికి వెళ్ళింది. ఇంటి పెద్ద, భూమి ఉన్న మగవాడు, మావైపు మాటలో బుగత, రేవుకు వస్తే అధికారులు తొందరగా వదులుతారని అందరూ అనేవారు. నేను మా పెరటి గోడ దగ్గర బట్టలు ఆరేస్తున్నాను. వాళ్ళ మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"పెదనాన్నా, ఒక్కసారి నువ్వు రేవుకి రావాల."

"ఎందుకు? అది మన మనిసేటి? ఏ కులమో, ఏ దేవుడో. దాన్నిక్కడ ఎడితే రేపు నా మనవరాలికి సంబందం ఎవడిస్తాడు?"

"తమ్ముడు కన్న గుంట గూడ ఉన్నాది గదా."

"ఆడు దాన్ని సేసుకున్నప్పుడు నన్నడిగినాడేటి? ఇప్పుడు నన్నెందుకడగాల? నాను రాను."

ఆమె నడుం వంచి ఆయన ముందునుంచి దాటి వచ్చేసింది.

"ఇప్పుడేటి చేస్తావు వదినా?" అన్నాను గోడమీదనుంచి.

"ఏటి సేస్తాను? అడిగినాను, రానన్నాడు. కాళ్ళు నాకూ ఉన్నాయి. ఎల్తాను. నువ్వు సదువుకున్నావు, నాతో ఒస్తావేటే?"

మా ఆయన బడిపంతులు. వెళ్ళమన్నాడు. ఆయన పాత కళ్ళజోడు పెట్టుకుని, ఒళ్ళో గొడుగు పెట్టుకుని అరుగుమీద నేను అధికారినయింది అప్పుడే. వదిన నా ముందు చేతులు కట్టుకుని నిలబడేది. ఆమెకు అధికారులంటే బెదురు. తాను దిగిన రోజు ఆమెకు గుర్తుంది. జన్మంతా లుంగీలు కట్టిన ఆడవాళ్ళు ఓడమీద గాలిలో చీర కట్టుకోవడం నేర్చుకున్నారట. దిగేటప్పుడు నిచ్చెనమీద ఆమె కుచ్చెళ్ళు ఊడిపోయాయి. అవి పట్టుకునే గాభరాలో అధికారి అడిగినదానికి నోరు పెగలలేదు. తండ్రి చెప్పాడు. నేలమీద అడుగుపెట్టాక కూడా నేల ఊగుతూనే ఉన్నదట.

"ఎవరికోసం వచ్చావు?" అని గద్దించేదాన్ని.

"మా మరదలికోసరం బాబూ. మా తమ్ముడు పోనాడు. ఆడు సిన్నప్పుడు మా బాగా ఈతకొట్టీవోడు..."

"వదినా! ఈత ఎవరడిగారు?"

"ఔనే. అడిగినదానికే సెప్పాల. అడగనిది సెప్తే ఆల్లకి అనుమానం వస్తాది," అని తనకు తానే బుద్ధి చెప్పుకుని మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంటి పెద్ద రాలేదేమని అడిగితే ఏం చెప్పాలన్నది మా ఇద్దరికీ పెద్ద చిక్కయింది. చివరికి ఒంట్లో బాగోలేదని చెప్పాలని తీర్మానించుకున్నాం. ఆ జవాబు ఎన్నోసార్లు వల్లెవేసింది. బాగానే చెప్పేది.

ఓడ వస్తుందని కబురందింది. బొబ్బిలిలో రైలెక్కడానికి వెళ్ళాం. దారిలో బజారులో తెలిసినవాళ్ళెవరు కనబడినా ఆగి, "రేవుకెల్తన్నాం. మా మరదల్ని తీసుకురమ్మని మా పెదనాన్న పంపినాడు. ఎంత పెద్ద మనసో ఆయనది," అని చెప్పడం మొదలుపెట్టింది. విత్తనాల కొట్టు షావుకారుకు చెప్పింది. నూనె కొట్టు దగ్గర చెప్పింది. స్టేషనులో మా ఊరి మునసబుకు కూడా చెప్పింది. ఆమెను పక్కకు లాగాను.

"ఎందుకు వదినా ఇన్ని అబద్ధాలు?"

"అబద్ధమేటే? ఇంకా జరగనేదు, అంతే."

విశాఖపట్నం రేవులో కంచె ఇవతల ఎండలో పొద్దున్నించీ నిలబడ్డాం. మాలాగే ఎందరో. ఎవరో పుణ్యాత్ములు ఆకుల్లో పులిహోర పెట్టి పంచుతున్నారు. జనం దిగడం మొదలుపెట్టారు. మూటలు, తాడుకట్టిన ట్రంకుపెట్టెలు, మూటలమీదే నిద్రపోయిన పిల్లలు. ఆడవాళ్ళ చెవులకూ ముక్కులకూ బోసి చిల్లులు. బంగారమంతా రంగంలో కస్టమ్సువాళ్ళు తీసేసుకున్నారట. వదిన కంచె పట్టుకుని ఒక్కొక్క మొహం వెతికింది. హఠాత్తుగా వాళ్ళ భాషలో ఒక కేక పెట్టింది. దూరంగా లుంగీ, తెల్లజాకెట్టు వేసుకుని పిల్లను చంకనేసుకున్న సన్నటి మనిషి తల తిప్పింది.

మమ్మల్ని లోపలికి పిలిచేసరికి ఆ మరదలు అధికారి బల్ల ముందు నిలబడి ఉంది. అధికారి నడివయసు మనిషి, బాగా అలసిపోయి ఉన్నాడు. ఎక్కడికి వెళ్ళాలమ్మా అని అడిగాడు. ఆమె పిల్లను కిందికి దించి, చేతులు జోడించి, తెలుగులో ఒక్క గుక్కలో చెప్పింది. తాలూకా పేరు, ఊరి పేరు, పెదమావగారి పేరు. అంతటితో ఆగలేదు. "మాది వరి పొలం అండి. కళ్ళం ఉంది అండి. కళ్ళం పక్క చింతచెట్టు ఉంది అండి." మొగుడు నేర్పిన పాఠం అది. ఆ మొగుడు కూడా ఆ ఊరు చూడలేదు, తండ్రి చెబుతుంటే విన్నవాడే. ఆ చింతచెట్టు ఎప్పుడో గాలివానకు పడిపోయింది. వదిన పెదవి కొరుక్కుందిగాని పడిపోయిందని చెప్పలేదు.

"ఆ పెదమావగారు వచ్చారా?" అన్నాడు అధికారి మమ్మల్ని చూసి.

వల్లెవేసిన జవాబు వదిన నాలుకమీద ఉంది. ఒకసారి మరదలి మొహం చూసింది. "రానేదు బాబూ. రానన్నాడు," అంది.

నేను వెనకనుంచి కొంగు లాగాను. లాభం లేదు. అధికారి కలం కింద పెట్టాడు. మెత్తగానే చెప్పాడు. "ఇంటిపెద్ద వద్దన్నాక తీసుకెళ్ళి ఏం చేస్తావమ్మా? రేపు వెళ్ళగొడితే ఈ పిల్లతో ఎక్కడికి పోతుంది? శిబిరంలో బియ్యం ఇస్తారు, నీడ ఉంటుంది."

వదిన బల్లకు ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

"బాబూ, నన్ను గూడ ఇక్కడే దింపుకున్నారు. నువ్వీ దేశందానివే, ఎల్లమని మీరే అన్నారు. నానీ దేశందాన్నయితే నా ఇల్లు గూడ ఈ దేశంలోదే గదా. మా పెదనాన్న ఇంట్లోకి రావాలంటే ఆయన సెలవు కావాల. నా గదిలోకి రావాలంటే నా సెలవు సాలు. నాను రమ్మన్నాను. పొలం పనికి ఎల్తాను, పెడతాను. శిబిరంలో బియ్యమిస్తారు గాని, దీనికి ఏడుపొస్తే ఆల్ల బాసలో ఊరుకోమనీవోల్లెవరున్నారు?"

అధికారి మరదలి వైపు తిరిగి, "ఈమె నీకేమవుతుంది?" అన్నాడు.

మొగుడు ఈ మాట నేర్పలేదు. ఆమె తడబడింది. వదిన వైపు చూసి, "అమ్మ," అంది.

"వదిన్ని బాబూ, వదిన్ని!" అంది ఈవిడ గాభరాగా. "తెలుగింకా పూర్తిగా రానేదు. నేర్సుకుంటాది."

బల్ల దగ్గరున్నవాళ్ళంతా నవ్వారు. అధికారీ నవ్వాడు. "నేర్పించు మరి," అని కలం తీసుకున్నాడు. నన్ను సాక్షిగా సంతకం చేయమన్నాడు. చేశాను. అంతే. బయటికి వచ్చాక వదిన ఒక ట్రంకుపెట్టెమీద కూర్చుండిపోయింది.

"ఒంట్లో బాగోలేదని చెప్పాలి కదా. ఏమైంది నీకు?" అన్నాను.

"దాని మొగుడు సెప్పినయన్నీ నిజమని నమ్మి ఒచ్చినాదే. మొదటి రోజే దాని ఎదర అబద్ధం ఆడలేకపోనాను."

తిరుగు రైలు కొత్తవలసలో గూడ్సుబండికోసం చాలాసేపు ఆగింది. ఊళ్ళోకి వెళ్ళేముందు మరదలికి చీర కట్టిద్దామా, నా సంచిలో ఒకటుంది అన్నాను. వదిన వద్దంది.

"లుంగీతోనే దిగనీ. ఇయాల సీరకట్టి తీసుకెల్తే, ఎప్పుడు లుంగీ కట్టినా వింతగా సూస్తారు. ఇయాలే సూడనీ. సూసి సూసి ఆలే మానీస్తారు."

అలాగే జరిగింది. మొదటిరోజు మా వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది. నెలతిరిగేసరికి చూసేవాళ్ళు తగ్గారు.

పెదనాన్న మాత్రం ముందు వాకిలి తలుపు మూసుకుని కూర్చున్నాడు. వారం గడిచాక బొబ్బిలి సంతకు వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చి, వెనక పెరట్లో వచ్చి నిలబడ్డాడు. ఆ ఇంటివాళ్ళూ, పక్కింటివాళ్ళమూ గోడ దగ్గర చేరాం.

"నిన్ను రేవుకి నానెప్పుడు పంపినానే?"

"ఏటైంది పెదనాన్నా?"

"ఏటైందా! విత్తనాల షావుకారు లేచి నిలబడి దండమెట్టినాడు. పరాయి గుంటని కడుపులో ఎట్టుకున్నావు బుగతా అన్నాడు. మునసబు కుర్సీ ఏసినాడు. అందరికీ నువ్వే సెప్పినావట."

"సెప్పినాను. తప్పయితే ఎల్లి కాదని సెప్పు."

ఆయన మీసం దువ్వుకున్నాడు. కాదని చెప్పడానికి మళ్ళీ అందరి దగ్గరికీ వెళ్ళాలి. దండం పెట్టిన చేతులు దింపించాలి. అది ఆయనవల్ల అయ్యేపని కాదని వదినకు ముందే తెలుసు. అయినా ఆమె మొహంలో గెలిచానన్న జాడ లేదు. తల వంచుకునే నిలబడింది. ఇంతలో చిన్నపిల్ల దడి వెనకనుంచి వచ్చి, ఎవరూ చెప్పకుండానే ఆయనకు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఆయన పుచ్చుకుని తాగాడు. పోయిన తమ్ముడి పోలికే వెతుక్కున్నాడో ఏమో గాని ఆ మొహం వంక చాలాసేపు చూశాడు. గ్లాసు తిరిగి ఇచ్చి, దడిని చేత్తో ఒకసారి ఊపి చూశాడు.

"ఇది గాలికాగదు. రేపు బండితో మట్టి తోలిస్తాను. గోడెట్టుకోండి," అని వెళ్ళిపోయాడు.

ఆ గోడ మేమందరం కలిసి పెట్టాం. ఆయన మనవరాలికి సంబంధం కూడా వచ్చింది. ఆ పెళ్ళిలో వంటలకు నీళ్ళు మోసినవాళ్ళలో రంగం మరదలు ఉంది. అయితే అంతా సులువుగా జరిగిందని చెప్పను. నూతి దగ్గర ఆమె చేదకు దూరంగా జరిగినవాళ్ళున్నారు. పిల్ల ముక్కుమీద పాటలు కట్టినవాళ్ళున్నారు. వాళ్ళందరినీ వదిన ఆ మాట్లాడని జాబితాలో చేర్చుకుంది. కొందరు ఆ మౌనం భరించలేక వాళ్ళంతట వాళ్ళే మారారు.

మా ఆయనకు బదిలీ అయి మేం విజయనగరం వచ్చేశాం. వదినను చివరిసారి చూసింది చాలా ఏళ్ళ తర్వాత, ఒక పెళ్ళికి ఆ ఊరు వెళ్ళినప్పుడు. జుట్టంతా నెరిసిపోయింది. నడుం దానంతటదే వంగిపోయింది. పెరట్లో అడుగుపెట్టేసరికి లోపల ఇద్దరు ఆడవాళ్ళు గొంతులు చించుకుంటున్నారు. భయపడి ఆగిపోయాను.

"నీకెన్నిసార్లు సెప్పాల? సేపల పులుసులో ఉప్పు ముందేస్తావేటి? నీకు వంట రాదు. లెగు. లెగు మరి. పోయి అరుగుమీద కూకో!"

అచ్చమైన మా ఊరి మాట. ఎవరా అని తొంగిచూస్తే, ఆనాడు రేవులో చేతులు జోడించి అండి అండి అన్న ఆ సన్నటి మనిషి. చేతిలో గరిటె. వదిన చీవాట్లు తిన్న పిల్లలాగ వంటింట్లోంచి బయటికి వచ్చింది. నన్ను చూసి ముందు సిగ్గుపడింది. తర్వాత మొహమంతా విప్పారింది. నా చెయ్యి పట్టుకుని అరుగుమీదికి లాక్కెళ్ళి కూర్చోబెట్టి, చుట్ట వెలిగించుకుంది.

"ఇన్నావేటే?" అంది గుసగుసగా, ఎంతో గొప్ప సంగతి చెబుతున్నట్టు. "నా వంటింట్లోంచి నన్నే తోలెత్తన్నాది. ఇంక నాకు బెంగ నేదు."